చక్రం చేశాక కమ్మరిని పిలిస్తే... కార్ల కంపెనీలు నేర్చిన పాఠం

పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర కియా కార్ల కర్మాగారాన్ని చూడని వారు మన ప్రాంతంలో తక్కువే. 2019 ఆగస్టు 8న ఇక్కడి నుంచి తొలి 'సెల్టోస్' కారు బయటికి వచ్చింది. ఏడాదికి మూడు లక్షల కార్లు చేయగల శక్తి వున్న కర్మాగారం ఇది. బయటికి వచ్చే పొడవాటి లారీల్లో మెరిసే కార్లుంటాయి. అది అందరూ చూసేదే. లోపలికి వెళ్ళే లారీలను మాత్రం ఎవరూ అంతగా పట్టించుకోరు. వాటిలో సీట్లు, లైట్లు, అద్దాలు, వైర్ల కట్టలు, బ్రేకు సామాను వుంటాయి. ఎక్కడెక్కడి కంపెనీలో చేసి పంపిన సరుకు అది.

మరి కారును తయారు చేసేది ఎవరు? మరలు, బోల్టులతో సహా లెక్కపెడితే ఒక కారులో సుమారు 30 వేల భాగాలుంటాయి. కారు మీద పేరు వేసుకునే కంపెనీ వీటిలో స్వయంగా చేసేవి కొన్నే. ఇంజను, పై రేకు, రంగు, చివరి బిగింపు లాంటివి తన దగ్గర వుంచుకుంటుంది. మిగిలినవన్నీ ఇతరులు చేసి పంపుతారు. ఇందులో రహస్యమేమీ లేదు. అసలు చిక్కు వేరే చోట వుంది. విడిభాగాలు చేసే వారిని కంపెనీ ఎప్పుడు పిలవాలి? కారు బొమ్మ కాగితం మీద పూర్తయ్యాకనా, గీయడం మొదలు పెట్టకముందేనా? ఈ ఒక్క ప్రశ్న మీద ప్రపంచంలోని పెద్ద పెద్ద కార్ల కంపెనీలు కోట్లు సంపాదించాయి, కోట్లు పోగొట్టుకున్నాయి.

ఎద్దుల బండి చేయించిన పెద్దలకు ఈ ప్రశ్న కొత్త కాదు. బండి చక్రంలో కర్ర పని వడ్రంగిది, ఇనుప పట్టా కమ్మరిది. పట్టాను చక్రం చుట్టుకొలత కంటే రవ్వంత చిన్నదిగా చేసి, పిడకల మంటలో ఎర్రగా కాల్చి, సాగిన పట్టాను చక్రానికి తొడిగి నీళ్ళు పోస్తే అది బిగుసుకుంటుంది. ఇందులో వెంట్రుక వాసి తేడా వచ్చినా పట్టా వదులై జారిపోతుంది, లేదా కర్ర పగులుతుంది. తెలిసిన రైతు ఇద్దరినీ ముందే కూర్చోబెట్టి, ఏ వెడల్పు ఇనుము దొరుకుతుంది, కర్ర ఎంత మందం వుంచాలి అని మాట్లాడించేవాడు. తెలియని రైతు చక్రమంతా అయిపోయాక కమ్మరి కొలిమి దగ్గరికి దొర్లించుకు వెళ్ళేవాడు. "ఈ వెడల్పు పట్టా నా దగ్గర లేదయ్యా, కర్ర చెక్కించుకు రా" అని కమ్మరి అంటే తిరిగి వడ్రంగి దగ్గరికి పరుగు. ఖర్చు రెండింతలు.

అమెరికా కార్ల కంపెనీలు చాలా కాలం ఈ రెండో రైతు లాగే నడిచాయి.

కాగితం ఎవరిది?

పాత పద్ధతి ఇది. కంపెనీ ఇంజనీర్లు ప్రతి భాగానికీ కొలతలతో సహా పూర్తి డ్రాయింగు గీస్తారు. దాన్ని పది మందికి పంపి ధరలు అడుగుతారు. ఎవరు తక్కువకు చేస్తామంటే వారికి ఆర్డరు. పంచాయతీ పనుల టెండరు లాంటిదే. ఆర్డరు పొందినవాడికి కాగితంలో తప్పు కనిపించినా నోరెత్తడు. వచ్చే ఏడాది ఆర్డరు తనకే వుంటుందన్న నమ్మకం లేనప్పుడు సలహా చెప్పి అతను బాగుపడేదేముంది?

రెండో పద్ధతిలో కంపెనీ డ్రాయింగు ఇవ్వదు. అవసరం చెబుతుంది. "ఇంత చోటులో ఇమడాలి, ఇంత బరువు మించకూడదు, ఇంత వేడికి తట్టుకోవాలి, ఇంత ధరకు రావాలి. ఎలా చేస్తావో నీ ఇష్టం" అంటుంది. లోపలి డ్రాయింగు విడిభాగం చేసేవాడే గీస్తాడు. కంపెనీ దాన్ని పరిశీలించి ఆమోదిస్తుంది. లోపల ఏముందో కొనేవాడు గీయలేదు కాబట్టి ఇలాంటి వాటికి ఆ రంగంలో 'నల్ల పెట్టె' భాగాలని పేరు.

హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన కిమ్ క్లార్క్, తకహిరో ఫుజిమోతో అనే ఇద్దరు పండితులు 1980ల్లో జపాన్, అమెరికా, ఐరోపాలలోని 20 కార్ల కంపెనీలను పరిశీలించి 1991లో ఒక గ్రంథం ప్రచురించారు. వారి లెక్క ప్రకారం కొనుగోలు చేసే భాగాల విలువలో నల్ల పెట్టె పద్ధతిలో వచ్చేవి జపాన్‌లో నూటికి 62 వంతులు, ఐరోపాలో 39 వంతులు. అమెరికాలో 16 వంతులు మాత్రమే. కొత్త కారును రూపొందించడానికి జపాన్ కంపెనీలకు అమెరికా వారి కంటే తక్కువ కాలం, తక్కువ మంది ఇంజనీర్ల పని సరిపోవడానికి ఇది ఒక ముఖ్య కారణమని వారు తేల్చారు.

ముందు పిలిస్తే లాభమేమిటి అని అడగవచ్చు. కారులో డ్రైవరు ఎదుట వుండే ప్లాస్టిక్ పలకనే తీసుకోండి. దానికి ఉక్కు అచ్చు కావాలి. అచ్చు కోయడానికి నెలలు పడుతుంది, ఖర్చు కూడా భారీగా వుంటుంది. కాగితం మీద గీత మార్చాలంటే ఒక రబ్బరు ముక్క చాలు. అచ్చు కోశాక అదే మార్పు చేయాలంటే ఉక్కును మళ్ళీ కోయాలి, కొన్నిసార్లు అచ్చు మొత్తం పారేయాలి. "ఈ మూల ఇంత పదునుగా వుంటే ప్లాస్టిక్ సరిగా పారదు, కాస్త గుండ్రంగా చేయండి" అనే మాట అచ్చు పోసే వాడికే తెలుస్తుంది. ఆ మాట కాగితం దశలో వినాలా, అచ్చు దశలో వినాలా అన్నదే తేడా.

టయోటా ఇంట్లో అతిథులు

జపాన్‌లో టయోటా కంపెనీ 1937లో ఏర్పడింది. నేత మగ్గాల యంత్రాలు చేసే సంస్థలో పుట్టిన కంపెనీ అది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత చేతిలో డబ్బు ఆడని కాలంలో, 1949 డిసెంబరులో, తన విద్యుత్ పరికరాల విభాగాన్ని వేరు సంసారం పెట్టించింది. అదే నేటి డెన్సో కంపెనీ. నేడు ప్రపంచంలోని అతి పెద్ద విడిభాగాల కంపెనీలలో ఒకటి. వేరు పడ్డా బంధుత్వం పోలేదు. రేడియేటర్లు, ఏ.సి.లు, విద్యుత్ పరికరాల డ్రాయింగులు ఎక్కువగా డెన్సో ఇంజనీర్లే గీస్తూ వచ్చారు.

ఇక్కడ ఒక వింత ఏర్పాటు వుంది. డెన్సో లాంటి కంపెనీల ఇంజనీర్లు టయోటా ఆఫీసులోనే, టయోటా ఇంజనీర్ల పక్కన బల్లలు వేసుకుని పని చేస్తారు. వారిని 'అతిథి ఇంజనీర్లు' అంటారు. జీతమిచ్చేది సొంత కంపెనీ, పని మాత్రం టయోటా ఇంట్లో. కొత్త కారు గురించిన ఆలోచన మొదలైన నాటి నుంచే వారికి సంగతులు తెలుస్తుంటాయి. తన పరికరానికి చోటు చాలకపోతే ఉత్తరాలు రాయనక్కరలేదు, పక్క బల్ల వైపు తిరిగి చెబితే చాలు.

ధర నిర్ణయించే తీరు కూడా తలకిందులుగా వుంటుంది. సాధారణంగా మనం ఖర్చు లెక్కవేసి, దాని మీద లాభం వేసి ధర చెబుతాం. వీరు ముందు ధరతో మొదలు పెడతారు. ఈ కారును ప్రజలు ఎంతకు కొంటారు? అందులో నుంచి లాభం తీసివేస్తే మిగిలేదే ఖర్చు. ఆ ఖర్చును ఇంజనుకింత, సీట్లకింత, లైట్లకింత అని పంచుతారు. లైట్లు చేసేవాడు తన వాటాలో ఎలా ఇమడాలో రెండు మూడేళ్ళ ముందు నుంచే ఆలోచిస్తాడు. ఒంటరిగా కాదు, కంపెనీ మనుషులు కూడా అతని షెడ్డులోకి వచ్చి వృథా ఎక్కడుందో వెతుకుతారు.

ఇదంతా అన్నదమ్ముల ప్రేమ అనుకుంటే పొరపాటు. ఒక్కో రకం భాగానికి వీలైనంత వరకు ఇద్దరు ముగ్గురు సరఫరాదారులను వుంచుకుని, ఎవరి ఆలోచన బాగుంటే కొత్త కారు వారికి ఇస్తారు. పైగా ధర ఏటా కొంత తగ్గాలని పట్టుబడతారు. ఆ బరువు కింది మెట్టు మీద వున్న చిన్న షెడ్ల వరకూ దిగుతుంది. జపాన్‌లో దీన్ని గురించి చిన్న పరిశ్రమల వారు గొణుక్కోవడం కొత్తేమీ కాదు.

టయోటా చేసిన మరో పని నాకు ఎక్కువ నచ్చింది. కార్లలో ఎలక్ట్రానిక్ పరికరాలు పెరుగుతున్న కాలంలో, ఆ విద్య అంతా డెన్సో చేతిలోనే వుండిపోతోందని టయోటా గ్రహించింది. వెంటనే 1989లో హిరోసె అనే చోట సొంత ఎలక్ట్రానిక్ కర్మాగారం తెరిచింది. డెన్సో చేయలేదని కాదు. తనకే తెలియని వస్తువును ఆమోదించడం ఎలా, ధర సబబో కాదో చెప్పడం ఎలా అన్న బెంగతో. ముప్పై ఏళ్ళు ఆ విద్య నేర్చుకున్నాక, 2020లో ఆ పనిని తిరిగి డెన్సోకే అప్పగించింది.

క్రైస్లర్ కథ

అమెరికాలో మూడు పెద్ద కార్ల కంపెనీలలో చిన్నది క్రైస్లర్. 1980లు ముగిసే నాటికి మళ్ళీ చిక్కుల్లో పడింది. అప్పుడు ఆ కంపెనీ పెద్దలు పాత టెండరు పద్ధతిని వదలడానికి సిద్ధపడ్డారు. కొనుగోళ్ళ అధికారి థామస్ స్టాల్‌క్యాంప్ ఇందులో ముఖ్యుడు. కొత్త కారు డ్రాయింగు మొదలు కాకముందే ఏ భాగం ఎవరు చేయాలో నిర్ణయించి, వారిని రూపకల్పన బృందంలో కూర్చోబెట్టారు. ఈ విధంగా తయారైన కార్లు 1992లో బజారులోకి వచ్చి బాగా అమ్ముడుపోయాయి.

1989లో 'స్కోర్' అనే పథకం కూడా పెట్టారు. విడిభాగాలు చేసేవాడు ఖర్చు తగ్గించే ఉపాయం చెబితే, కంపెనీ దాన్ని పరిశీలించి అమలు చేస్తుంది. మిగిలిన డబ్బులో సగం ఉపాయం చెప్పినవాడు వుంచుకోవచ్చు. ఇదీ అసలు కీలకం. అంతకు ముందు ఉపాయం చెబితే ధర తగ్గించమనేవారు. తన లాభాన్ని తానే తగ్గించుకునే వాడెవడు? సగం తనకు వస్తుందని తెలిశాక నోళ్ళు తెరుచుకున్నాయి. 1995 డిసెంబరు నాటికి 5,300 ఉపాయాలు అమలయ్యాయి. ఏడాదికి 170 కోట్ల డాలర్లకు పైగా ఆదా అయింది. 1989లో 2,500గా వున్న సరఫరాదారుల సంఖ్య 1996 నాటికి 1,140కి తగ్గింది. మిగిలిన వారికి పని పెరిగింది, నమ్మకం కూడా పెరిగింది. బయటపడిన వెయ్యి మందికి పైగా ఏమయ్యారో ఈ విజయగాథ చెప్పేవారు ఎక్కువగా చెప్పరు.

అదే రోజుల్లో జనరల్ మోటార్స్ ఎదురు దారి పట్టింది. 1992లో కొనుగోళ్ళ అధికారిగా వచ్చిన స్పెయిన్ దేశస్థుడు హోసె ఇగ్నాసియో లోపెజ్ వున్న కాంట్రాక్టులను తిరగతోడి మళ్ళీ మళ్ళీ ధరలు తగ్గించమన్నాడు. ఒకరు ఇచ్చిన డ్రాయింగును పోటీదారుకు చూపి బేరమాడారని సరఫరాదారులు గగ్గోలు పెట్టారు. డబ్బు మిగిలింది నిజమే. కాని అటు తరువాత కొత్త ఆలోచన వచ్చినవాడు దాన్ని మొదట జనరల్ మోటార్స్ గుమ్మంలోకి తీసుకువెళ్ళడానికి వెనుకాడాడు. లోపెజ్ 1993 మార్చిలో జర్మనీలోని ఫోక్స్‌వ్యాగన్‌కు వెళ్ళిపోయాడు. రహస్య కాగితాలు వెంట తీసుకుపోయాడని పాత కంపెనీ కేసు పెట్టింది. 1997లో రాజీ కుదిరి, ఫోక్స్‌వ్యాగన్ 10 కోట్ల డాలర్లు చెల్లించి, 100 కోట్ల డాలర్ల విలువైన విడిభాగాలు కొనడానికి ఒప్పుకుంది.

క్రైస్లర్ నమ్మకమైనా ఎక్కువ కాలం నిలిచిందా అంటే లేదు. 1998లో ఆ కంపెనీ జర్మనీకి చెందిన డైమ్లర్‌తో కలిసింది. నష్టాలు రాగానే, 2001 జనవరి 1 నుంచి అందరూ ధరలు నూటికి 5 చొప్పున తగ్గించాలని కొత్త యాజమాన్యం హుకుం జారీ చేసింది. పదేళ్ళు కూడబెట్టిన మాట ఒక్క ఉత్తరంతో పోయింది.

మంట పుట్టిన రోజు

నమ్మకం విలువ ఎంతో జపాన్‌లో ఒక అగ్ని ప్రమాదం చూపించింది. 1997 ఫిబ్రవరి 1, శనివారం తెల్లవారుజామున కరియా పట్టణంలో ఐసిన్ సేకి కంపెనీ కర్మాగారం ఒకటి తగలబడింది. బ్రేకులలో వాడే ఒక చిన్న వాల్వు అక్కడ తయారయ్యేది. సిగరెట్ పెట్టె అంత వుంటుంది. గట్టిగా బ్రేకు వేసినప్పుడు వెనుక చక్రాలు బిగుసుకుని కారు జారిపోకుండా చూడడం దాని పని. టయోటాకు కావలసిన ఈ వాల్వులలో నూటికి 99 ఐసినే చేసేది. సరుకు నిలవ పెట్టుకోకపోవడం టయోటా విధానం కాబట్టి చేతిలో వున్నవి ఒక రోజుకు కూడా చాలవు. మంగళవారం నాటికి జపాన్‌లోని టయోటా కర్మాగారాలు దాదాపు అన్నీ ఆగిపోయాయి. కొద్ది డాలర్ల వాల్వు కోసం ప్రపంచంలోని అతి పెద్ద కంపెనీలలో ఒకటి చేతులు ముడుచుకు కూర్చుంది.

ఐసిన్ వెంటనే తన డ్రాయింగులు అడిగిన వారందరికీ ఇచ్చింది. ఇంతకాలం దాచుకున్న విద్యను పోటీదారుల ముందు కూడా పరిచింది. సుమారు 200 సంస్థలు రంగంలోకి దిగాయి. ఎవరి దగ్గరా సరైన యంత్రాలు లేవు. వున్న యంత్రాలతోనే ఎవరి ఉపాయం వారు పన్నారు. కుట్టు మిషన్లు చేసే బ్రదర్ కంపెనీ కూడా చేయి కలిపింది. బేరాలు లేవు, కాంట్రాక్టులు లేవు, డబ్బు మాట తరువాత చూసుకుందామన్నారు. మంట పుట్టిన 85 గంటలకు ఒక చిన్న కంపెనీ నుంచి మొదటి వాల్వులు అందాయి. వారం పది రోజుల్లో కార్ల ఉత్పత్తి ఇంచుమించు మామూలైంది. ఖర్చులు ఐసిన్ చెల్లించింది. టయోటా తన ముఖ్య సరఫరాదారులకు 1,500 కోట్ల యెన్లకు పైగా కానుకగా ఇచ్చింది.

జనం ఈ కథను ఐకమత్యానికి గుర్తుగా చెప్పుకుంటారు. ఒకే చోట నూటికి 99 వంతులు పెట్టుకోవడం ఎంత తెలివితక్కువో కూడా ఇందులోనే వుంది. ఆ తరువాత టయోటా ఆ విషయం ఆలోచించుకోవలసి వచ్చింది.

నల్ల పెట్టెలో ఏముందో తెలియకపోతే వచ్చే ప్రమాదం ఇంతకంటే పెద్దది. ప్రమాద సమయంలో ఉబ్బి ప్రాణాలు కాపాడవలసిన గాలి సంచీలను తకాటా అనే జపాన్ కంపెనీ ఎన్నో కార్ల కంపెనీలకు ఇచ్చేది. సంచీని ఉబ్బించే మందులో వాడిన అమోనియం నైట్రేట్ ఏళ్ళ తరబడి వేడికి, తేమకు చెడి, సంచీ తెరుచుకునేటప్పుడు డబ్బా పేలి ఇనుప ముక్కలు డ్రైవరు మీదికి దూసుకు వచ్చేవి. ఎందరో చనిపోయారు. కార్ల చరిత్రలో అంత పెద్ద ఎత్తున బండ్లను వెనక్కి పిలిచిన సందర్భం లేదు. మన దేశంలో కూడా హోండా కార్లను పిలిచి ఆ డబ్బాలు మార్చారు. 2017 జూన్‌లో తకాటా దివాలా తీసింది. కారు మీద పేరు ఒకరిది, పెట్టె లోపలి మందు మరొకరిది. కొన్నవాడికి తెలిసింది పేరు మాత్రమే.

మన దగ్గర

మన దేశంలో ఇలాంటి పనికి బాగా తెలిసిన ఉదాహరణ టాటా నానో. 2008 జనవరి 10న ఢిల్లీలో 'లక్ష రూపాయల కారు'గా చూపించారు. అంత ధరలో ఇమడాలంటే ఉన్న భాగాలను చౌకగా కొంటే చాలదు, భాగాన్నే మార్చి ఆలోచించాలి. అందుకే టాటా వారు విడిభాగాల కంపెనీలను మొదటి నుంచీ వెంట పెట్టుకున్నారు. మద్రాసుకు చెందిన రాణే కంపెనీ స్టీరింగు పనిలో ఉక్కు కడ్డీకి బదులు ఉక్కు గొట్టం వాడింది. బరువు తగ్గింది, ఖర్చు తగ్గింది. గట్టి కడ్డీ కావాలని డ్రాయింగులో ముందే రాసి పంపి వుంటే రాణే వారు కడ్డీయే చేసి ఇచ్చేవారు. నానో చివరికి అనుకున్నంతగా అమ్ముడుపోలేదు, 2018తో తయారీ దాదాపు ముగిసింది. ఆ తప్పు స్టీరింగు గొట్టానిది కాదు.

మళ్ళీ పెనుకొండకు వద్దాం. కియా వెంట దాని అనుబంధ పరిశ్రమలు కూడా వచ్చాయి. హ్యుండాయ్ కుటుంబానికే చెందిన మోబిస్ ఇక్కడ భాగాలను కలిపి పెద్ద ముక్కలుగా బిగించి కర్మాగారానికి అందిస్తుంది. కియా, హ్యుండాయ్ కార్ల ముఖ్య రూపకల్పన కేంద్రం దక్షిణ కొరియాలోని నమ్యాంగ్‌లో వుంది. హైదరాబాదులో కూడా హ్యుండాయ్ వారి ఇంజనీరింగ్ కేంద్రం వుంది. అక్కడ మన తెలుగు ఇంజనీర్లు కంప్యూటర్ల మీద డ్రాయింగులు గీస్తున్నారు. అంటే కాగితం పని నమ్యాంగ్, హైదరాబాదులలో, బిగింపు పని ఎర్రమంచిలో. మన పిల్లలకు దొరికేది ఎక్కువగా బిగింపు పనే. ఆ పని చిన్నదని ఎవరూ అనరు. కాని కారు రకం మారినప్పుడు బిగింపు మారుతుంది, గీసినవాడి విద్య మాత్రం అతని వెంటే వుంటుంది.

హిందూపురంలోనో అనంతపురంలోనో లేతు మిషను పెట్టుకున్న కుర్రవాడు నేరుగా కియా గేటు దగ్గరికి వెళ్ళి ఆర్డరు అడిగితే లాభం లేదు. కంపెనీ మాట్లాడేది మొదటి మెట్టు వారితో. వారు రెండో మెట్టు వారితో, వారు మూడో మెట్టు వారితో మాట్లాడతారు. చిన్న షెడ్డుకు దారి మూడో మెట్టు నుంచే. మొదటి రెండు మెట్ల దగ్గర సాధారణంగా ఐ.ఎ.టి.ఎఫ్. 16949 అనే నాణ్యతా పత్రం అడుగుతారు. 2016లో వచ్చిన ఈ ప్రమాణాన్ని ప్రపంచంలోని కార్ల కంపెనీలు ఎక్కువగా పాటిస్తున్నాయి. మూడో మెట్టులో పత్రం లేకపోయినా కొలతల లెక్కలు, పనిముట్ల తనిఖీ రికార్డులు చూపించాలి. ముందుగా కొన్ని నమూనాలు చేసి, ప్రతి కొలతా రాసి పంపాలి. అవి ఆమోదం పొందాకే సరుకు మొదలు పెట్టాలి. అప్పటికి డ్రాయింగు గీయడం ఎప్పుడో పూర్తయి వుంటుంది. కాగితంలో తప్పు కనిపించినా, ఉపాయం తోచినా, నమూనాతో పాటే రాసి పంపడానికి వీలుంది. అలా రాసే షెడ్లు మాత్రం అరుదు.